ఎలక్ట్రిక్ యూనిసైకిల్: స్పీడు చూసి కాదు, మిగులు చూసి కొనండి

నా రెండో ఎలక్ట్రిక్ యూనిసైకిల్ (నడిపేవాళ్లం వీల్ అంటాం) బరువు 35 కిలోలు. నేను ఉండేది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. కొనేటప్పుడు ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మాత్రం డెలివరీ అయ్యాకే జరిగింది. మొదటిరోజు మెట్ల మీద రెండుసార్లు ఆగాను. వారం తిరిగేసరికి ఎండగా ఉందని ఒకరోజు, మబ్బుగా ఉందని ఒకరోజు సాకులు మొదలయ్యాయి. నెలయ్యేసరికి మళ్లీ పాత 14 కిలోల చిన్న వీల్ మీదే తిరుగుతున్నాను. పెద్దది గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

అప్పటినుంచి ఎవరైనా "ఏ వీల్ కొనమంటావ్?" అంటే ముందు "ఎన్నో అంతస్తు?" అని అడుగుతున్నాను. తర్వాత "నీ బరువెంత?" అంటాను. స్పీడు సంగతి చాలాసేపటికి గానీ రాదు. అడిగినవాళ్లకు అది నిరుత్సాహంగానే ఉంటుంది, ఎందుకంటే వాళ్లు వీడియో చూసొచ్చింది స్పీడు కోసమే.

ఇది నిలబడేది దేనివల్ల

పోలికలకు దిగేముందు ఈ బండి పనిచేసే పద్ధతి కాస్త తెలియాలి. అది తెలిస్తే స్పెసిఫికేషన్లలో ఏ అంకె ముఖ్యమో మీకే అర్థమవుతుంది.

ఉన్నది ఒకటే చక్రం. దానికి అటొకటి ఇటొకటి మడత పెట్టే పెడల్స్. తొక్కడానికి కాదు, నిలబడటానికి. చక్రం మధ్యలోనే మోటారు, దాని చుట్టూ పెట్టెలో బ్యాటరీలు, ఒక కంట్రోల్ బోర్డు. మీరు ముందుకు వాలగానే బోర్డు మీది గైరో సెన్సర్ ఆ వంపును పసిగడుతుంది. మోటారు చక్రాన్ని ముందుకు తోసి మీ కిందికి తెస్తుంది. మీరు వాలుతూ ఉన్నంతసేపూ అది మీ కిందికి పరిగెత్తుతూనే ఉంటుంది. మనకు ప్రయాణంగా కనిపించేది ఇదే. వెనక్కి వాలితే అదే మోటారు ఎదురుబలం ఇచ్చి ఆపుతుంది, ఆ శక్తి మళ్లీ బ్యాటరీలోకి పోతుంది. విడిగా బ్రేకంటూ ఏదీ లేదు.

అంటే మోటారుకు మూడు పనులు: నడపాలి, ఆపాలి, మీరు ముందుకు బోర్లా పడకుండా పట్టుకోవాలి. మూడూ ఒకే బలంలోంచి రావాలి. ఉన్న బలమంతా నడపడానికే అయిపోతే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఆ క్షణంలో పెడల్స్ ముందుకు ఒరిగిపోతాయి, మీరు రోడ్డు మీద ఉంటారు. దీన్ని రైడర్లు కటౌట్ అంటారు. కటౌట్ అనగానే మనకు నిలువెత్తు బొమ్మ గుర్తొస్తుంది, ఇక్కడ మాత్రం నిలువునా పడటమే.

స్పీడు పెరిగేకొద్దీ ఈ మిగులు ఎందుకు తగ్గుతుందంటే, తిరిగే మోటారు తనంతట తాను కూడా వోల్టేజీ పుట్టిస్తుంది, అది బ్యాటరీకి ఎదురుగా ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరిగితే ఎదురు వోల్టేజీ అంత ఎక్కువ. వీల్‌ని చేత్తో గాలిలోకి ఎత్తి కాస్త వంచితే అది గిర్రున తిరుగుతుంది, ఒక వేగానికి చేరాక ఇక వేగం పెరగదు. అక్కడ బ్యాటరీ వోల్టేజీ, ఎదురు వోల్టేజీ దాదాపు సమానం, తోసే బలం దాదాపు సున్నా. దీన్ని ఫ్రీ స్పిన్ వేగం అంటారు. కొందరు అమ్మకందార్లు పెద్ద అక్షరాల్లో వేసేది ఈ అంకెనే. అది మీరు వెళ్లగలిగే వేగం కాదు, అక్కడికి చేరకముందే పడిపోయే వేగం.

నా లెక్క మోటుగా ఉంటుంది: ఫ్రీ స్పిన్ వేగంలో సగం దాకా హాయిగా, మూడింట రెండు వంతులు దాటితే ఒక్కసారిగా వాలకుండా. బరువైనవాళ్లకు, ఎత్తులు ఎక్కేవాళ్లకు ఇంకా తక్కువ.

కంపెనీలు హెచ్చరికలు పెట్టకపోలేదు. మొదట బీప్, తర్వాత టిల్ట్‌బ్యాక్, అంటే పెడల్స్ ముందుభాగం పైకి లేచి మిమ్మల్ని వెనక్కి నెడతాయి. కొన్ని వీల్స్‌లో మోటారు తన సామర్థ్యంలో ఎంత శాతం వాడుతోందో యాప్‌లో కనిపిస్తుంది. 80 శాతం దగ్గర అలారం పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం ఉందా లేదా అన్నది స్పీడు అంకె కంటే నాకు ముఖ్యం.

నేను పడ్డది కూడా స్పీడులో కాదు. బ్యాటరీ 20 శాతానికి దగ్గర్లో ఉంది, ముందు చిన్న ఎత్తు, నాకు ఆలస్యమవుతోంది. బీప్ వినిపించింది. "ఈ ఎత్తు ఒక్కటి ఎక్కేస్తే చాలు" అనుకుని ఇంకాస్త వాలాను. కాళ్ల కింద పెడల్స్ మెత్తబడినట్టు అనిపించింది, సోఫాలో కాలు దిగినట్టు. ఆ తర్వాతి సంగతి మణికట్టుకు కట్టుకునే రిస్ట్‌గార్డ్ ప్లాస్టిక్ పలక మీద గీతలు చెప్తాయి. వేగం గంటకు 20 కిలోమీటర్లు కూడా లేదు.

వోల్టులు, వాట్-అవర్లు

వీల్ గురించి చదివేటప్పుడు రెండు అంకెలు ఎక్కువ కనిపిస్తాయి: 84 వోల్టులు, 100 వోల్టులు, 126 వోల్టులు అని ఒకటి, 500, 1500, 3200 వాట్-అవర్లు అని ఇంకొకటి.

వోల్టుల లెక్క తేలిక. లిథియం సెల్ నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు. వరసగా 20 సెల్స్ పెడితే 84. 24 పెడితే 100.8. 30 పెడితే 126, 32 పెడితే 134.4. పాత చిన్న వీల్స్‌లో 16 సెల్స్, అంటే 67.2. వోల్టేజీ ఎక్కువైతే, మిగతావన్నీ ఒకటే అనుకుంటే, ఫ్రీ స్పిన్ వేగం పైకి జరుగుతుంది. దాంతో మీరు రోజూ వెళ్లే వేగం దగ్గర మిగులు పెరుగుతుంది. 126 వోల్టుల బండి కొని గంటకు 35 కిలోమీటర్లలో పోయేవాడు డబ్బు వృథా చేసినవాడు కాదు, తన రక్షణ కోసం ఖర్చు పెట్టినవాడు.

వాట్-అవర్లు అంటే బ్యాటరీ ట్యాంకు ఎంత పెద్దదో చెప్పే అంకె. దూరానికే కాదు, బలానికి కూడా ఇదే ముఖ్యం. 480 వాట్-అవర్ల 84 వోల్టుల ప్యాక్‌లో 20 సెల్స్ వరసలు రెండే పక్కపక్కన ఉంటాయి. 1500 దాటిన ప్యాక్‌లో ఆరు ఉంటాయి. మీరు ఒక్కసారిగా గట్టిగా వాలినప్పుడు రెండు వరసల మీద పడే భారమే ఆరింటికి పంచితే ఒక్కోదాని మీద మూడో వంతు. చిన్న ప్యాక్ ఆ భారానికి కుంగి వోల్టేజీ దిగజారుతుంది, పెద్దది పెద్దగా చలించదు. బ్యాటరీ అయిపోతున్నకొద్దీ కూడా ఇదే కథ. సెల్ 3.5 వోల్టులకు వచ్చేసరికి 84 వోల్టుల బండి కాస్తా 70 వోల్టుల బండి అవుతుంది. పొద్దున భయం లేకుండా వెళ్లిన వేగం సాయంత్రం ప్రమాదం అయ్యేది ఇందుకే. నేను పడిన ఎత్తు దగ్గర జరిగింది అచ్చంగా ఇదే.

కంపెనీ చెప్పే రేంజ్‌ని సగం చేసి చూడండి. లేదా మీరే లెక్కేసుకోండి: మామూలు బరువున్న మనిషి, మితమైన వేగం అయితే కిలోమీటరుకు దాదాపు 20 వాట్-అవర్లు. అడుగున ఉన్న 20 శాతం ముట్టుకోకూడదు. 500 వాట్-అవర్లలో 400 వాడొచ్చు, అంటే 20 కిలోమీటర్లు. 1500 అయితే 60. పెద్ద వీల్స్‌ని జనం వేగంగా నడుపుతారు, గాలి తాకిడికి ఖర్చు 30 కూడా దాటుతుంది. కాబట్టి 3200 ఉన్నా 85 కిలోమీటర్లు అనుకోవడమే క్షేమం.

చిన్నదా, మధ్యదా, పెద్దదా

టైరు వ్యాసాన్ని బట్టి వీల్స్‌ని మూడు నాలుగు రకాలుగా చూడొచ్చు. రకం మారితే బండి స్వభావమే మారిపోతుంది.

10 నుంచి 14 అంగుళాలవి బొమ్మల్లా కనిపిస్తాయి గానీ బొమ్మలు కావు. బెగోడ్ కంపెనీ, ఒకప్పుడు గాట్‌వే, తెచ్చిన ఎంటెన్-3 చక్రం 10 అంగుళాలే, బరువు పది కిలోల చిల్లర, కానీ 84 వోల్టులు. ఉన్నచోటే తిరుగుతుంది, నడిరోడ్డు మీద రూపాయి బిళ్లంత చోటులో మలుపు తిరిగినట్టుంటుంది. నున్నటి నేల మీద, పార్కులో, ఇంత సరదా ఇంకేదీ ఇవ్వదు. కానీ చిన్న చక్రానికి ప్రతి గతుకూ గుంటే. చిటికెన వేలంత ఎత్తున్న అంచు తగిలినా ఆగిపోతుంది, మీరు ఆగరు. ఇంటి నుంచి దూరం పోయేవాళ్లకు ఇది మొదటి వీల్‌గా వద్దు. రెండోదిగా, సరదాకు, తప్పకుండా.

16 అంగుళాలు. నా ఓటు ఇక్కడే. ఇన్‌మోషన్ వీ8 వరసలోని వీల్స్ ఈ సైజువే. 14 కిలోలకు అటూ ఇటూ, లాక్కెళ్లడానికి ట్రాలీ హ్యాండిల్, ఎత్తితే చేతికి సూట్‌కేసులా ఉంటుంది. నేర్చుకోవడానికి ఇంత ఓపికైన బండి అరుదు. దీని లోపం ఏంటంటే, 75–80 కిలోలు దాటినవాళ్లకు బ్యాటరీ చిన్నదై మిగులు తక్కువ పడుతుంది. వాళ్లు అదే 16 అంగుళాల్లో కింగ్‌సాంగ్ 16ఎక్స్ లాంటివి చూడాలి: టైరు వెడల్పు 3 అంగుళాలు, బ్యాటరీ 1554 వాట్-అవర్లు. కానీ బరువు 24 కిలోలు. మెట్లున్నవాళ్లకు నేను పెట్టుకున్న గీత సరిగ్గా అక్కడే ఉంది: ఒక అంతస్తుకు 25 కిలోలు, రెండు దాటితే 15. లిఫ్ట్ ఉంటే ఈ గీత మర్చిపోండి.

18 అంగుళాలు, ఆపైన. చక్రం పెద్దదైతే గుంటల మీదుగా దొర్లిపోతుంది, నిదానంగా మలుపు తిరుగుతుంది, తిన్నగా పోయేటప్పుడు ప్రశాంతంగా ఉంటుంది. 2020లో వెటరన్ షెర్మన్ వచ్చినప్పుడు 20 అంగుళాల చక్రం, 100 వోల్టులు, 3200 వాట్-అవర్లు చూసి అందరూ నోరెళ్లబెట్టారు. ఆ తర్వాత వచ్చినవాటికి ఆ బ్యాటరీ ఒక కొలబద్ద అయిపోయింది. దూరప్రయాణాలు ఇష్టపడేవాళ్లకు, బాగా బరువున్నవాళ్లకు ఈ తరగతి సరైనదే. కొత్తవాళ్లకు మాత్రం కాదు. కారణం వేగం కాదు. నేర్చుకునేటప్పుడు వీల్ రోజుకు ముప్పైసార్లు పడుతుంది, ప్రతిసారీ ఒంగుని 35 కిలోలు లేపాలి. పైగా అది పడేటప్పుడు మీ పిక్క మీద పడితే ఎలా ఉంటుందో నా పిక్క చెప్పగలదు.

ఇక టైరు వెడల్పు. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. సెగ్వే-నైన్‌బాట్ జెడ్10కి నాలుగు అంగుళాల పైచిలుకు వెడల్పున్న టైరు ఉండేది. చూడ్డానికి మోటార్‌సైకిల్ టైరులా బలంగా, నమ్మకంగా ఉంటుంది. వెడల్పు టైరు తిన్నగా పోవడానికి ఇష్టపడుతుంది. మీరు మలుపు తిరగాలంటే ఒప్పించాలి. రోడ్డు పక్కకు వాలుగా ఉంటే అది తన దారిన పోతుంది, గాలి తక్కువైతే ఈ మొండితనం మరీ ఎక్కువ. సన్న టైరు ఆలోచన వచ్చినంత తేలిగ్గా తిరుగుతుంది, కానీ కంకర మీద బెదురుతుంది. రెండున్నర నుంచి మూడు అంగుళాలు మధ్యేమార్గం.

ఒకే మోడల్ రెండు మోటార్లతో వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. బెగోడ్ ఆర్‌ఎస్‌లో హై టార్క్ (తిప్పే బలం ఎక్కువున్నది) ఒకటి, హై స్పీడ్ ఒకటి. సందేహం ఉంటే టార్క్ తీసుకోండి. పై వేగం తగ్గుతుంది నిజమే, కానీ ఎత్తుల్లోనూ, ఉన్నట్టుండి బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడూ అదే చెయ్యి అందిస్తుంది.

సస్పెన్షన్ కావాలా

2020 దాకా మోకాళ్లే సస్పెన్షన్. ఆ ఏడాది ఇన్‌మోషన్ వీ11, కింగ్‌సాంగ్ ఎస్18 వచ్చాక ఇది అందరూ అడిగే ఫీచర్ అయింది. గతుకుల రోడ్డు మీద, మట్టి దారుల్లో తేడా నిజంగానే చాలా ఉంది. గంటసేపు నడిపాక పాదాలు చెప్తాయి.

అయినా మొదటి వీల్‌కి వద్దంటాను. సస్పెన్షన్ అంటే అదనపు బరువు, కదిలే భాగాలు, మీ బరువుకు తగ్గట్టు గాలి పెట్టుకోవాల్సిన షాక్ అబ్జార్బర్, అప్పుడప్పుడూ శుభ్రం చేయాల్సిన జారుడు పట్టాలు. పడ్డప్పుడు విరగడానికి ఇంకో నాలుగు వస్తువులు. అంతకంటే ముఖ్యం, సస్పెన్షన్ లేని బండి మీద నేర్చుకున్నవాడికి మోకాళ్లు వంచి నిలబడటం అలవాటవుతుంది, ఆ అలవాటు తర్వాత ఏ బండి ఎక్కినా వెంట ఉంటుంది. ముందు టైరులో గాలి కాస్త తగ్గించి చూడండి. సగం మంది అడిగే సస్పెన్షన్ అక్కడే దొరుకుతుంది.

అసలు యూనిసైకిలే ఎందుకు?

న్యాయంగా చెప్పాలంటే చాలామందికి నిలబడి నడిపే చిన్న ఎలక్ట్రిక్ కిక్ స్కూటరే సరిపోతుంది. నడపడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది, హ్యాండిల్ ఉంది, చేతి బ్రేకు ఉంది, కరెంటు పోయినా అది మిమ్మల్ని బోర్లా పడెయ్యదు. మడిచి బల్ల కింద పెట్టొచ్చు. దాని చక్రాలు చిన్నవి, గుంటలో దిగితే ముందుకు విసురుతుంది, అదొక్కటే నాకు భయం. ఆఫీసుకు వెళ్లడం తప్ప వేరే కోరిక లేనివాళ్లు స్కూటర్ కొనుక్కుని సుఖంగా ఉండొచ్చు.

వన్‌వీల్ అనే బోర్డు ఇంకో రకం. మధ్యలో ఒక లావు టైరు, దానికి అటూ ఇటూ పాదాలు పెట్టి అడ్డంగా నిలబడతారు. అరగంటలో పట్టుబడుతుంది, అల మీద తేలినట్టుంటుంది. కానీ బ్యాటరీ చిన్నది, వేగంగా వాలితే ముక్కు నేలకు తగులుతుంది. మిగులు సూత్రం దానికీ వర్తిస్తుంది. అడ్డంగా నిలబడటం వల్ల వెనక నుంచి వచ్చే బండ్లు ఒకవైపే బాగా కనిపిస్తాయి. యూనిసైకిల్ మీద మనిషి ఎదురుగా చూస్తూ నిలబడతాడు, చేతులు ఖాళీ. నాకు ఇది నచ్చడానికి కారణం అంతకు మించి ఏమీ లేదు: నడుస్తున్నట్టే ఉంటుంది, నేల మాత్రం తనంతట వెనక్కి పోతుంటుంది.

తొక్కే యూనిసైకిల్ వచ్చినవాళ్లు ఇది చిటికెలో వస్తుందనుకుంటారు. ముందువెనకల బ్యాలెన్సు మోటారు చూసుకుంటుంది కాబట్టి అందులో నేర్చుకున్నది సగం ఇక్కడ అక్కర్లేదు. పక్కల బ్యాలెన్సు మాత్రం ఎవరి సెన్సరూ చూడదు, అది మీదే. సైకిల్‌లాగే, ఎటు ఒరిగితే అటు తిప్పాలి.

ఈ బండి ఈ రూపంలో మార్కెట్లోకి వచ్చింది సోలోవీల్‌తో. 2010 ప్రాంతంలో షేన్ చెన్ అనే ఆవిష్కర్త తయారుచేశాడు. రెండు చక్రాల హోవర్‌బోర్డ్ పేటెంట్ల వెనకా ఆయన పేరే ఉంది. హోవర్‌బోర్డ్ ఒక ఊపు ఊపి చల్లారిపోయింది, నేర్చుకోవడం కష్టమైన ఒంటిచక్రం మాత్రం నిలబడింది.

నేర్చుకోవడం

చాలామందికి మొత్తం కలిపి ఐదు నుంచి పది గంటలు పడుతుంది. ఒకేరోజు పది గంటలు కాదు. పూటకు అరగంట, మర్నాడు మళ్లీ. రాత్రి నిద్రలో శరీరం ఏదో చేసుకుంటుంది. నిన్న రానిది ఇవాళ ఎక్కగానే వచ్చేస్తుంటే నవ్వొస్తుంది.

ముందు వీల్ అంచులకు ఫోమ్ షీటు చుట్టి టేపు వేయండి. తర్వాత ఒక కాలు పెడల్ మీద, మడమ మరీ వెనక్కి పోకుండా, పాదం మధ్యభాగం పెడల్ మధ్యలో. వీల్‌ని ఆ కాలి పిక్కకు ఆనించి కాస్త వాల్చండి. ఆ వాలు లేకపోతే ఏమీ రాదు. రెండో కాలితో నేలను తోస్తూ కుంటుతున్నట్టు వెళ్లండి, చిన్న వలయాల్లో. విసుగ్గానే ఉంటుంది. గంట చేసినవాళ్లు రెండు కాళ్లూ పెట్టగానే వెళ్తారు, ఐదు నిమిషాలు చేసినవాళ్లు మూడు రోజులు గోడ పట్టుకునే ఉంటారు.

గోడ పట్టుకోవడం మంచిదా కాదా అంటే, మొదటి పావుగంటకు మంచిదే. తర్వాత అదో ఊతకర్ర అవుతుంది. మనిషి భుజం పట్టుకోవడం ఇంకా తప్పు, ఆ మనిషి మీకంటే ముందు పడతాడు.

రెండు కాళ్లూ పెట్టాక చూపు పదిహేను అడుగుల అవతల ఉండాలి. కాళ్ల వైపు చూస్తే కాళ్ల దగ్గరే పడతారు. కాస్త వేగం ఉంటేనే నిలుస్తుంది, మరీ మెల్లగా పోతే ఊగుతుంది. ఇది సైకిల్ నేర్చుకున్న ప్రతివాళ్లకూ తెలిసినదే, కానీ ఇక్కడ మళ్లీ మర్చిపోతారు. పాదాలు మంట పుడతాయి, ఎందుకంటే భయంతో వేళ్లతో పెడల్‌ను పట్టుకోవాలని చూస్తుంటారు. అట్ట గట్టిగా, అడుగు చదునుగా ఉన్న బూట్లు వేసుకోండి. మెత్తటి పరుగు బూట్లు వద్దు. రెండు వారాల్లో ఆ మంట దానంతటదే పోతుంది.

తిన్నగా పోవడం రాగానే జనం రోడ్డెక్కుతారు. అప్పుడే వద్దు. మొదట ఖాళీ స్థలంలో రెండు పనులు బాగా రావాలి: ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం, గట్టిగా ఆపడం. ఆపేటప్పుడు నడుము వెనక్కి పడేసి కుర్చీలో కూర్చుంటున్నట్టు కిందికి దిగాలి. నిలువుగా వెనక్కి వాలితే ఆగదు, మీరే వెనక దిగిపోతారు. కొత్తవాళ్లకు బ్రేకు వేసేటప్పుడు వీల్ గడగడ వణుకుతుంది. బండి చెడిపోయిందేమో అనుకుంటారు. ఆ వణుకు మీ పిక్కల అలసట. మోకాళ్లు సడలించి, బరువు ఒక కాలి మీదకు కాస్త మార్చి, చిన్న వంపు తిరిగితే పోతుంది. బిగుసుకుపోతే పెరుగుతుంది.

పక్కన అతికించే ప్యాడ్లు దొరుకుతాయి, పిక్కలతో తోసి వేగంగా వాలడానికి. నేర్చుకునేటప్పుడు పెట్టకండి. పడబోతున్నప్పుడు కాలు బయటికి రావాలి.

ఒంటి మీద ఏం ఉండాలి

రిస్ట్‌గార్డులు ముందు. పడేటప్పుడు చేతులు చాపొద్దని ఎవరెంత చెప్పినా చాపుతాం. అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పలక ఉన్నవి తీసుకుంటే చెయ్యి నేలకు అతుక్కుపోకుండా జారుతుంది. మోకాలి ప్యాడ్లూ అలాగే. హెల్మెట్ గడ్డం మూసేది కావాలి, ఎందుకంటే కటౌట్‌లో పడేది వెనక్కి కాదు, ముఖం మీద. సైకిల్ హెల్మెట్ పెట్టుకుని ఈ బండి నడిపేవాళ్లను చూస్తే నాకే టెన్షన్.

బ్యాటరీతో కాపురం

రోజూ 80–90 శాతం దగ్గర ఆపండి, పదిహేను ఇరవై రోజులకోసారి పూర్తిగా నింపండి, సెల్స్ సమానం కావడానికి. నెలల తరబడి వాడకపోతే సగం దగ్గర ఉంచండి. నిద్రపోతూ ఛార్జింగ్ పెట్టొద్దు, బయటికి వెళ్లే ఒకే ఒక్క తలుపు పక్కన అసలే పెట్టొద్దు. నీళ్లలో బాగా తడిసిన వీల్‌ని ఆరకముందే ఛార్జర్‌కు తగిలించొద్దు.

ఇల్లు గుట్ట మీద ఉన్నవాళ్లకు ఒక విచిత్రమైన ఇబ్బంది. నిండా ఛార్జ్ చేసి నేరుగా దిగితే బ్రేకుల వల్ల పుట్టే కరెంటు పోవడానికి బ్యాటరీలో చోటుండదు. వీల్ వోల్టేజీ ఎక్కువైందని అరుస్తుంది, కొన్ని పెడల్స్ ఎత్తేస్తాయి. దిగాల్సిన రోజు 90 దాటకుండా చూసుకోండి.

విమానంలో తీసుకెళ్దామనుకుంటే కుదరదు. ప్రయాణికులు మామూలుగా తెచ్చుకోగల లిథియం బ్యాటరీ పరిమితి 100 వాట్-అవర్లు, ఎయిర్‌లైన్ అనుమతితో 160. మామూలుగా వాడే ఏ వీల్ బ్యాటరీ అయినా దీనికి ఎన్నో రెట్లు.

కొత్తదా, వాడినదా

మొదటి వీల్ ఎలాగూ గీతలు పడాల్సిందే. కాబట్టి అప్పటికే గీతలున్నది కొనడం తెలివైన పని. నా మొదటిది అలా వచ్చిందే, ఇప్పటికీ రోజూ వాడుతున్నది అదే. బ్యాటరీ మాత్రం చూసి తీసుకోవాలి, ఎందుకంటే వీల్ ఖరీదులో పెద్ద భాగం అదే.

వెళ్లేముందు పూర్తిగా ఛార్జ్ చేసి ఉంచమని అడగండి. యాప్‌లో వోల్టేజీ చూడండి: 84 వోల్టుల బండి 83.5 పైన చూపించాలి. 81 దగ్గరే ఆగిపోతే, ఛార్జర్ సరైనదైతే, లోపల ఏదో సెల్ గుంపు వెనకబడినట్టు. గుంపులవారీగా వోల్టేజీ చూపే యాప్ అయితే ఇంకా మేలు. తర్వాత బండిని పక్కకు పడుకోబెట్టి స్క్రూలు చూడండి. తుప్పు ఉంటే నీళ్లలో మునిగిన బండి. పెడల్‌ని పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. కాస్త వదులు మామూలే, టకటక శబ్దం వస్తే లోపలి పిన్ అరిగింది. చక్రాన్ని గాలిలో చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టండి. గరగర వస్తే బేరింగు పోయింది. టైరు అరిగిందా అన్నది కూడా చూసుకోండి. టైరు మార్చాలంటే చాలా మోడళ్లలో పెట్టె మొత్తం విప్పాలి, మొదటిసారి నాకు ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. స్క్రూ ఒకటి మిగిలింది కూడా.

అమ్మేవాళ్ల ఫోన్‌లో ఆ వీల్ ఎవరి అకౌంటుకైనా ముడిపడి ఉందేమో అడిగి, మీ ముందే విడదీయించండి. మీ ఫోన్‌తో కలిపి చూశాకే డబ్బివ్వండి. చివరగా, కొనాలనుకున్న దాన్ని హ్యాండిల్ పట్టుకుని అక్కడున్న మెట్లు ఒక వరస ఎక్కి దిగండి. అమ్మేవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.